తాబేలు అచ్చుకు నేను పూసిన మట్టి

మా అమ్మాయి ఆ యాత్రకు ఒక్కతే వెళ్తానంది. ఇరవై రెండు మంది, ఒక బస్సు, ఎనిమిది రోజులు. పాత కోటలు, మేడలు, చేతిపనులవాళ్ళ ఇళ్ళు చూపిస్తారట.

"ఒక్కదానివే ఎలా వెళ్తావే? బస్సు బోల్తా పడితే?" అన్నాను.

"నువ్వు పక్కన కూర్చుంటే పడదా?" అంది.

చివరికి నేనూ బయల్దేరాను.

దిగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాను. గైడుకంటే ముందు లెక్క చెప్పేది నేనే. మా వెనక సీటులో ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు ఉండేవారు. "పోనీలే చెల్లెమ్మా, ఒకరిద్దరు తగ్గితే కాళ్ళు చాపుకోవచ్చు," అనేవారు. బస్సంతా నవ్వేది. నేను మాత్రం ఆ తగ్గేది ఎవరోనని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేదాన్ని.

నాలుగో రోజు కంచు బొమ్మలు పోతపోసే మేస్త్రి ఇంటికి చేరాం. అక్కడ మూడు రోజులు బస. పొద్దున్నపూట పని నేర్పుతారు, మధ్యాహ్నం ఊరు చూపిస్తారు. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని మీద మట్టి పూత మీద పూత వేసి ఎండబెడతారు. అడుగున ఒక కన్నం వదులుతారు. కొలిమిలో పెట్టగానే మైనం కరిగి ఆ కన్నంలోంచి కారిపోతుంది, ఖాళీ అయిన చోట కరిగిన కంచు పోస్తారు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. మేస్త్రి చెబుతున్నప్పుడు మాత్రం నేను వీధిలో డ్రైవరుతో వాదిస్తున్నాను. వెనక టైరు అరిగినట్టు అనిపించింది.

నేను లోపలికి వచ్చేసరికి మా అమ్మాయి అరచేతిలో ఇమిడేంత తాబేలును చేస్తోంది. డిప్ప మీద గీతలు సూదితో గీస్తోంది. పిలిస్తే పలకలేదు. చిన్నప్పటినుంచీ ఏ పనీ వారం దాటి చెయ్యని పిల్ల, మెడ ఎత్తకుండా అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

సాయంత్రం అది మేస్త్రిని అడగడం నా చెవినపడింది. ఆరు నెలలు ఇక్కడే ఉండి నేర్చుకుంటానంది.

మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చి, "మిగతావాళ్ళ బొమ్మలకు మట్టి నేనే పూస్తాను అమ్మాయ్. నీ దానికి నువ్వే పూసుకో. కొలిమిలో నిలబడితే ఉండు. పగిలితే బస్సెక్కు. మా నాన్న నాకు పెట్టిన షరతే ఇది," అన్నాడు.

గదికి రాగానే అమ్మాయిని పట్టుకున్నాను. "నిప్పు దగ్గర పనే అది! కంటికేదైనా అయితే?"

"ఆయనకు అరవై దాటాయి. రెండు కళ్ళూ ఉన్నాయి."

"అందరి అదృష్టమూ ఒకేలా ఉంటుందా?"

"అమ్మా, ఈ ఒక్కటీ నన్ను చెయ్యనియ్యి." అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న అమ్మాయి తన తాబేలుకు మట్టి తనే పూసుకుంది. మధ్యాహ్నం అందరూ కోటకు వెళ్ళారు. మూడువందల మెట్లని విని నేను ఆగిపోయాను. ఊరికే కూర్చోలేక మేస్త్రి పెరట్లోకి వెళ్ళాను. మట్టి పూసిన అచ్చులన్నీ వరసగా ఎండుతున్నాయి. మట్టి ముద్దల్లా ఉన్నాయి, వాటి మీద అంకెలు గీసి ఉన్నాయి. మా అమ్మాయిది పదకొండు. ఎక్కడైనా బీటలు వారిందేమోనని ఎత్తి తిప్పి చూశాను. అడుగున వేలు పట్టేంత కన్నం కనిపించింది.

పిల్ల చూసుకోలేదు, రేపు ఇది పగిలిపోతుందనుకున్నాను. పిల్ల అక్కడ ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. అయినా నలుగురిలో ఓడిపోయి ఏడవడం అంతకన్నా ఇష్టం లేదు. తొట్టిలో తడి మట్టి ఉంది. ముద్ద తీసి కన్నంలో గట్టిగా కూరి, పైన నున్నగా అలికి, మళ్ళీ బోర్లించాను. పక్కదాన్ని ఎత్తి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. నా కళ్ళకు ఆ పదకొండు తప్ప ఇంకో అంకె ఆనలేదు.

మేస్త్రి ఇంట మూడో రోజు పొద్దున్న మేస్త్రి భార్య అచ్చుల్ని ఉన్నవి ఉన్నట్టే ఎత్తి కొలిమిలో బోర్లా పేర్చింది. అందరం దూరంగా నిలబడ్డాం. కాసేపటికి ఒక అచ్చు ఫట్‌మని పేలింది. మంట మనిషెత్తు లేచింది. నేను పరుగెత్తి పిల్ల మొహం రెండు చేతులతో కప్పేశాను. అది నా చేతులు తోసేసి కొలిమికేసే చూసింది.

మేస్త్రి పొడుగు కర్రతో పెంకులు కెలికాడు. "పదకొండు," అన్నాడు. "పూతలో గాలి ఉండిపోయి ఉంటుంది. చెయ్యి ఇంకా కుదరలేదు అమ్మాయ్."

మా అమ్మాయి తల ఊపింది.

నిజం రాస్తున్నాను. అప్పుడు నాకు హమ్మయ్య అనిపించింది. పిల్ల ఇంటికొస్తుంది కదా అనుకున్నాను. అంతలో మేస్త్రి పక్క అచ్చును పటకారుతో పైకెత్తాడు. దాని అడుగునుంచి మైనం బొట్లు బొట్లుగా కారుతోంది. పోస్టుమాస్టరుగారు వంగి చూసి, "ఈ కన్నమే లేకపోతే దీని గతీ అంతేనన్నమాట," అన్నారు. నేను మూసింది అలాంటి కన్నాన్నే.

అప్పుడే చెప్పాల్సింది. మేస్త్రి అక్కడే ఉన్నాడు, మట్టి ఉంది, బస్సు కదలడానికి ఇంకా రెండు గంటలుంది. నోరు తెరిచాను కూడా. "మంచినీళ్ళు కావాలి," అన్నాను.

తర్వాత ఇంకో కోట, రెండు మేడలు చూశాం. అన్నిచోట్లా అమ్మాయి నా వెనకే నడిచింది. ఫొటో ఒక్కటీ తీయలేదు.

ఇంటికొచ్చాక కొరియర్ ఆఫీసులో చేరింది. గ్లాసు జారినా, సూదిలో దారం ఎక్కకపోయినా, "నా చేతిలో ఏదీ నిలవదులే," అనేది. నవ్వుతూనే అనేది. నాలుగు నెలలు విన్నాను. పోయిన ఆదివారం పక్కింటావిడ తన కుట్టుపనిలో చెయ్యి వెయ్యమంటే ఆవిడతోనూ అదే మాట అంది. ఆవిడ వెళ్ళగానే తలుపేసి చెప్పేశాను.

అమ్మాయి అడిగింది, "బీటలేమైనా ఉన్నాయా దాని మీద? నువ్వు ఎత్తినప్పుడు?"

"ఒక్కటీ లేదు. వెతికాను."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదమ్మా?"

నువ్వు ఇంటికి వస్తున్నావని సంతోషించానని ఏ నోటితో చెప్పను?

మేస్త్రికి ఫోను చేసింది. ఈ ఏడు వేరే ఎవరినో పెట్టుకున్నాడట. వచ్చే ఏడు వానలు తగ్గాక వచ్చి మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నాడట. అప్పటికీ చోటు ఉంటుందని మాటివ్వనన్నాడట.

"నేనూ తోడొస్తానే. ఈసారి దేన్నీ ముట్టుకోను," అన్నాను.

"వద్దమ్మా."

గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"పోనీ బస్సెక్కేటప్పుడైనా చెప్పు. స్టాండు దాకా వచ్చి ఎక్కిస్తాను."

"చేరాక చెప్తాను," అంది.