దొర కారులో ఆముదం

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కిషన్‌రావు దొర కారు జమ్మికుంట బజారులోంచి అద్దాలన్నీ బిగించుకొని పోయేది. ఆ కారులో చల్లగాలి మిషన్ ఉందని అందరికీ తెలుసు. అది పాడై ఏడాదైందని కూడా అందరికీ తెలుసు. ఎవరికీ తెలియదని దొర ఒక్కడే అనుకునేవాడు. అద్దం దించితే సంగతి బయటపడుతుందని లోపల ఉడికిపోతూ, చలిపెట్టినవాడిలా మెడకు శాలువా కూడా చుట్టుకొని కూర్చునేవాడు. చెమట గడ్డం మీదుగా శాలువాలోకి కారేది.

"దొరకు లోపట వాన పడుతున్నట్టున్నది" అనేది మిరపకాయలమ్మే పోశవ్వ. అని, కారు ముందుకు రాగానే లేచి దండం పెట్టేది.

అది అమెరికాలో చేసిన ఆకుపచ్చ కారు, పడవంత పొడుగు. పదేళ్లు వాడుకొని హైదరాబాదులో ఒక నవాబు వదిలించుకుంటే దొర కొన్నాడు. జాగీర్దార్ల కాలం పోయింది. దొర ఉండే గడీలో గబ్బిలాలు చేరాయి. మిగిలిన దర్పమంతా దొర ఆ కారులోనే పెట్టి తిప్పేవాడు.

మా బాపు పేరు కైలాసం. పద్మశాలీలం. మగ్గం కడుపు నింపక బాపు బొంబాయి పోయి, ఫ్రిజ్‌లు బాగుచేసే కార్ఖానాలో ఆరేళ్లు పనిచేసి వచ్చాడు. జమ్మికుంటలో అప్పటికి ఫ్రిజ్‌లు రెండో మూడో. అందుకని ఆయిల్ ఇంజన్లు, పత్తి మిల్లు మోటార్లు బాగుచేసేవాడు. మా రేకుల షెడ్డు మిల్లు వెనక దొర జాగాలో ఉండేది. దొర బావుల మీది ఇంజన్లను ఉత్తపుణ్యానికి బాగుచేస్తున్నందుకు ఆ జాగా ఇచ్చాడు. మిల్లు నుంచి కరెంటు తీగ దగ్గర. మా సాలెవాడలో కరెంటు లేదు. ఆ షెడ్డు పోతే బాపు పని పోయినట్టే.

నేను ఏడో తరగతి వరకు ఊరి బడిలో చదివి మానేశాను. పగలంతా షెడ్డులో ఒక మూల కూర్చొని మా అమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. అమ్మను మేం అవ్వ అంటాం. నన్నెవరూ పట్టించుకునేవారు కాదు. అందువల్ల అన్నీ కనబడేవి.

ఆ మంగళవారం కారు షెడ్డు ముందు ఆగేసరికి కాలిన రబ్బరు వాసన వచ్చింది. డ్రైవర్ అంతయ్య దిగి తలుపు తీస్తే, దొర మూకుట్లోంచి తీసిన గారెలా దిగాడు.

"ఏం రా కైలాసం, బొంబాయిల పెద్ద పనే నేర్చినవంటరు. గీ గాలి మిషన్ సంగతి చూడు. ఐతారం మా బామ్మర్ది వస్తుండు. విలాయతు పోయొచ్చిన ఇంజనీరు. పోయినేడు గీ కార్ల కూసొని పండ్లికిలిచ్చి పోయిండు."

"చూస్త దొరా. ఇంతకుముందు ఎవలన్న ఇప్పిండ్రా?"

"ఎవడు ముడుతడు? నీ అసుంటోళ్లను ముట్టనిస్తనా?"

"లోపట నూనె గిట్ల ఏమన్న పోసిండ్రా?"

"నేను దొరనా, నూనె తీసే గాండ్లోన్నా? చెప్పింది చెయ్యి. ఐతారం దాకా చల్లగాలి రాకుంటే నీ రేకులు నీ నెత్తిన పెట్టి తోలుత."

అంతయ్య నేల చూశాడు. నేను అంతయ్యను చూశాను.

దొర నడుచుకుంటూ పోలేడు కనుక మిల్లు జీపు పిలిపించుకొని పోయాడు. బాపు కారు బానెట్ ఎత్తి పని మొదలుపెట్టాడు. ముందు గొట్టం మర ఒకటి వదులు చేసి, మిగిలిన గ్యాస్‌ను మెల్లగా బయటికి పోనిచ్చాడు. ముసలివాడు నిట్టూర్చినంత చప్పుడు వచ్చి ఆగిపోయింది. "ఏం లేదు దీంట్ల" అన్నాడు. తర్వాత కాలిన బెల్టు తీసి, గొట్టాలు విడదీసి, మూతులకు గుడ్డలు కట్టి, బోల్టులు విప్పసాగాడు.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. విప్పిన ప్రతి బోల్టుకూ నూలు ముడి వేస్తాడు. పైవాటికి ఎరుపు, కిందివాటికి నలుపు, గొట్టాల పక్కవాటికి పసుపు. ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు ముడులు. బొంబాయిలో అందరూ నవ్వేవాళ్లట. పోగుల లెక్క తప్పని ఇంట్లో పుట్టినవాడికి బోల్టుల లెక్క తప్పుతుందా? నేను నూలు తెంపి ఇస్తుంటే ముడులు వేసి, తెల్లగుడ్డ మీద వరసగా పరిచాడు.

కంప్రెసర్ ఊడి వచ్చింది. పొత్రమంత బరువు. దాన్ని ఇనుప తట్టలో వంచితే లోపలి నూనె నీళ్లలా పలచగా కారాలి. బెల్లంపాకంలా సాగుతూ, గోధుమ రంగులో, కారాలా వద్దా అన్నట్టు కారింది. ఆ వాసన నాకు తెలుసు.

"బాపూ, ఆముదం" అన్నాను.

బాపు వేలితో తీసి వాసన చూశాడు. అంతయ్య వైపు తిరిగాడు.

"నన్ను చూడకు కైలాసమన్నా" అన్నాడు అంతయ్య. "దొరనే దగ్గరుండి పోయించిండు. గాలి తక్కువొస్తుందంటే, ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పెడితే గిర్రున తిరుగుతది, గిదెంత అన్నడు. నేను చెప్పిన్నని అనకు, నా కొలువు పోతది."

"గాలెందుకు తక్కువైందో అడిగిండా?"

"దొర అడుగుతడా? దొర చెప్తడు."

బాపు షాఫ్టు బయటికి వచ్చేచోట ఉన్న నల్లటి బొగ్గు రింగును చూపించాడు. మిషన్ తిరిగినప్పుడే దానికి నూనె అందుతుంది. నూనె తడి ఉన్నంతకాలం అది గ్యాస్‌ను బయటికి పోనివ్వదు. దొర ఆ మిషన్‌ను కలెక్టరో తాసిల్దారో కారెక్కినప్పుడు తప్ప నడపనిచ్చేవాడు కాదు. అరుగుతుందని భయం. నడపక రింగు ఎండింది. ఎండి గ్యాస్ కారింది. గ్యాస్ పోయాక ఆముదం పోశాడు. ఆముదం బంకై లోపల అన్నీ పట్టుకుపోయాయి. ముష్టివాడికి కూడా తన గిన్నె ఎట్లా వాడుకోవాలో తెలుస్తుంది.

రెండు రోజులు బాపు ఆ బంకను కడిగాడు. కిరోసిన్‌తో ఒకసారి, పెట్రోలుతో రెండుసార్లు. రేకు నాలుకల్లాంటి వాల్వులు ఒకదానికొకటి అంటుకొని ఉంటే గోటితో విడదీశాడు. గొట్టాల్లో పెట్రోలు పోసి గాలి కొట్టి, అన్నిటినీ ఎండలో పెట్టాడు. లోపల నీటితడి ఒక్క చుక్క ఉన్నా మంచుగడ్డై సన్నటి దారిని మూసేస్తుందట.

బొగ్గు రింగు మీద గీతలు పడ్డాయి. దాన్ని నున్నగా అరగదీయడానికి సమంగా ఉన్న గాజుపలక కావాలి. బాపు ఇంటికి పోయి గోడ మీది అద్దం తీశాడు. మా ఇంట్లో అదొక్కటే అద్దం.

"దొర సల్లగుండాల్నని నేను బొట్టు అందాజుగ పెట్టుకోవాల్నా?" అంది అవ్వ. అవ్వ పేరు చంద్రవ్వ. మాట అనకుండా వస్తువు ఇచ్చే మనిషి కాదు.

"షెడ్డు ఉండాల్నని" అన్నాడు బాపు.

అవ్వ అద్దాన్ని కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఇత్తడి మెరిపించే పేస్టు ఆ అద్దం మీద రాసి, బాపు రింగును సున్నా మీద సున్నా చుట్టినట్టు గంటలకొద్దీ తిప్పాడు. గురువారం బస్సులో హైదరాబాదు పోయి, బొంబాయి దోస్తు ఒకడి దుకాణం నుంచి గ్యాస్ బుడ్డి, అసలైన పలచటి నూనె, తడి పీల్చే కొత్త డబ్బా, కొత్త బెల్టు, గాలి లాగే పంపు తెచ్చాడు. శుక్రవారం ఎరుపు, నలుపు, పసుపు ముడులు ఒక్కొక్కటే విప్పుతూ బోల్టులు బిగించాడు. గుడ్డ మీద ఒక్క బోల్టు మిగల్లేదు. పంపుతో లోపలి గాలంతా లాగేసి గ్యాస్ ఎక్కించాడు.

శనివారం నేను కుంకుడుకాయలు నానబెట్టి నురుగు చేశాను. అతుకు అతుకుకూ దాన్ని పూసి చూశాం. కింది గొట్టం దగ్గర ఒక్క బుడగ, ఆవగింజంత, ఉబ్బి పగిలింది. బాపు ఆ మరను ఇంకో పావు చుట్టు బిగించాడు. మళ్లీ పూస్తే నురుగు కదల్లేదు.

అంతయ్య ఇంజన్ నడిపాడు. బాపు మీట తిప్పాడు. వెనక సీటు పైన కంతల దగ్గర చెయ్యి పెట్టమంటే పెట్టాను. మొదట వేడిగాలి. తర్వాత ఉత్త గాలి. తర్వాత పుష్యమాసం తెల్లవారుజామున తలుపు తీసినట్టు వచ్చింది. అద్దం తీసుకుపోవడానికి వచ్చిన అవ్వ ముఖం కూడా అక్కడ పెట్టి, "గీ సుఖానికా గంత కావురం" అంది.

ఆదివారం పొద్దున దొర వచ్చాడు. సీటులో కూర్చొని చూసుకున్నాడు. బాగుందని అనలేదు. పళ్లెం ముందు కూర్చున్నవాడు వంట సంగతి అడగడు.

"దొరా, రెండు మాటలు" అన్నాడు బాపు. "ఎనిమిది రోజులకొకపాలి పావుగంట నడుపాలె, చలికాలమైనా సరే. ఆముదం మాత్రం పోయద్దు."

"ఆముదమెవడు పోసిండు?" అన్నాడు దొర. "పనోనివి పనోని లెక్క ఉండు."

సాయంత్రం బామ్మర్దిని తీసుకొని మళ్లీ వచ్చాడు, మా షెడ్డు ముందే కారు ఆపాడు. బామ్మర్ది టై కట్టుకున్నాడు. మే నెలలో.

"కమాల్ హై బావా! మంచి చల్లగుంది. ఏ కంపెనీవాడు చేసిండు?"

"కంపెనీ ఎందుకు? గీ కైలాసం గాడు బోల్టులు బిగించిండంతే. అసలు ఉపాయం నాది. ఆముదం పోయించిన. గందుకే గిట్ల తిరుగుతుంది."

విలాయతు ఇంజనీరు నవ్వుతాడనుకున్నాను. ఆయన తల పంకించాడు.

"కరెక్టే. చిక్కటి నూనె అయితే పట్టు ఎక్కువ. మన దేశీ దిమాగ్ వేరే!"

బాపు నోరు తెరిచాడు. దొర బాపును చూశాడు. తర్వాత తల ఎత్తి మా రేకులను చూశాడు. బాపు నోరు మూసుకున్నాడు.

"షెడ్డు ఉండనీ తియ్" అన్నాడు దొర, బిచ్చం వేసినట్టు. కారు వెళ్లిపోయింది. షెడ్డు దక్కింది. బాపు ఆ రాత్రి అన్నం సగం వదిలేశాడు.

బుధవారం అంతయ్య కారుతో వచ్చాడు. చేతిలో డబ్బా. మూత తీయకముందే నాకు వాసన తెలిసింది.

"దొర పోయమన్నడు, ఇంకింత చల్లగైతదట. నువ్వు బిగిచ్చిన మర నాతోని వస్తలేదన్నా. జర ఇప్పు."

"నా చేతులతోని ఇప్ప."

"ఇప్పకుంటే షెడ్డు కాలీ చెయ్యమని చెప్పుమన్నడు. నా మాట కాదన్నా, దొర మాట."

బాపు కొంచెంసేపు ఆ డబ్బాను చూశాడు. కోపం కనబడలేదు. చెత్తలో పనికొచ్చేదేమైనా ఉందా అని వెతికినవాడి చూపు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నూలు తే. మూడు రంగులు."

నేను తెచ్చాను. నిచ్చెన వేసుకొని పైకెక్కి, మొదటి రేకు బోల్టు విప్పి, ఎర్ర ముడి వేసి కిందికి అందించాడు. అంతయ్యకు అర్థం కావడానికి మూడు బోల్టులు పట్టింది.

"అన్నా, పిస్స లేసిందా? సాలెవాడల కరెంటు లేదు, మోటార్లెట్ల నడుపుతవ్?"

"చేతితోని తిప్పి నడిపే ఇంజన్లు బాగుచేస్త. ఇయ్యాల ఆముదం, రేపు ఇప్పపూల నూనె. ఆయన తెలివికి నా పానలు అరుగుతున్నయి."

"మరి దొరకేం చెప్పాలె?"

"పోసినవని చెప్పు. చల్లగైందంటడు."

అంతయ్య ఆలోచించాడు. కొలువు పోదని తేలాక ముఖం తేటపడింది. డబ్బా అక్కడే పెట్టి కారెక్కి వెళ్లిపోయాడు. మొన్నటికన్నా చల్లగా ఉందని దొర మార్కెట్లో పదిమందికి చెప్పాడని తర్వాత పోశవ్వ చెప్పింది.

సాయంత్రానికి రేకులు, పానలు, బల్ల అన్నీ మామ దశరథం బండికెక్కాయి. బండి కదలగానే ఇరుసు కీచుమంది. బాపు ఆపమని, దొర పంపిన డబ్బా తెచ్చి, రెండు పక్కలా నిండుగా పోశాడు.

సాలెవాడ దాకా బండి మళ్లీ చప్పుడు చేయలేదు.