కరువు దొర తల్లి

కుళాయిలో నీళ్లు రాక అది పదకొండో రోజు. డోన్యా రెఫూహియో బియ్యం కడిగిన నీళ్లను పారబోయకుండా గిన్నెలో తేరబెట్టింది. ఆ తేటలో కొడుకు ముసుగును ముంచి, బొటనవేలితో చెమట మరకలు రుద్దింది. నల్లటి ముసుగు. కళ్ల చుట్టూ ఎండిన చెరువు నేలకు పడ్డట్టు బంగారు రంగు బీటలు. దాన్ని మేడ మీద దండెం మీద ఆరేసే రాత లేదు ఆమెకు. ఆ ముసుగు కనబడితే తగలబెట్టడానికి వీధి వీధంతా కాచుకుని ఉంది. అందుకని తలుపు గడియ పెట్టి, పొయ్యి వెనకాల మేకుకు తగిలించింది. ఖాళీ ముసుగు అలా వేలాడుతుంటే ప్రాణం ఉసూరుమంటుందని లోపల ఒక తువ్వాలు కుక్కింది. తల ఉన్నట్టు కనబడితే కొంచెం నయం.

ఆ ముసుగు పేరు దొన్ సెకీయా, అంటే కరువు దొర. మెక్సికో నగరం పక్కనున్న ఎకాతెపెక్ కొండవాలు కాలనీల్లో ఆ పేరు చెబితే ఉమ్మేయని మనిషి లేడు. నీళ్ల ట్యాంకర్ల ఆసామి వేషం అది. ఒంటి మీద కోటు, మెడలో బంగారు పూత పూసిన కుళాయి, చేతిలో పెద్ద నీళ్ల సీసా. కుస్తీ బరి దగ్గరికి వస్తూ వస్తూ ఆ నీళ్లతో బూట్లు కడుక్కుంటాడు, రోజుల తరబడి ఒంటి మీద చెంబెడు నీళ్లు పోసుకోని జనం ముందు! ఇది కుస్తీ కాదు, పొగరు అని ఫాదర్ గారు ఆదివారం ప్రసంగంలోనే తిట్టారు. ఈ వేషం మాన్పించమని ఆడవాళ్లు కాగితం రాసి, కుస్తీలు జరిగే అరేనా యజమానికి ఇచ్చారు. ఆ కాగితం మీద మూడో సంతకం రెఫూహియోదే. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటారని పెట్టింది.

"అమ్మా, ఇవాళ నువ్వు రాకు" అన్నాడు ఇసాయాస్ సంచి సర్దుకుంటూ. ముప్పై ఒక్క ఏళ్లవాడు. పగలు టైర్ల కొట్టులో పని, ఆదివారాలు ఈ పని.

"రాకుండా ఎలారా? టొమాసా వదిన నీళ్ల బిందెల వరసలో ఉన్నవాళ్లందరికీ టికెట్లు తెచ్చింది. నాది నా ఏప్రన్ జేబులో తనే కుక్కి మరీ పోయింది. రానంటే ఏమైందంటుంది. జ్వరమంటే చూడ్డానికి వస్తుంది. వస్తే పొయ్యి వెనకాలకి తొంగి చూస్తుంది."

"సరే, వస్తే తిట్టు. అందరికంటే గట్టిగా తిట్టు. అంతేగానీ పోయినసారిలా చెయ్యకు."

"నోరు కుట్టేసుకుంటాను."

"కుట్టేసుకుంటే తిట్టేదెలాగమ్మా?"

పోయినసారి సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అప్పుడు ఇసాయాస్ వెండి ముసుగు వేసేవాడు. నాలుగేళ్లు కష్టపడి ఆ ముసుగుకు పేరు తెచ్చాడు. ఒకరోజు ఎదుటివాడు ఎత్తి కుదేశాడు, వీడు లేవడం కొంచెం ఆలస్యమైంది. అంతే, ఆమె బెంచీ ఎక్కి "ఇసాయాస్! నా బంగారు కొండా!" అని కేక పెట్టింది. అరేనా మొత్తం ఆ మాట అందుకుంది. మంగళవారానికల్లా రొట్టెల కొట్టు వాడు కూడా వాణ్ణి బంగారు కొండా అని పిలవడం మొదలుపెట్టాడు. లోపల ఎవరున్నారో తెలిసిపోయిన ముసుగును ఇక ఎవడు చూడడానికి వస్తాడు? దాన్ని పెట్టెలో పడేసి, కుస్తీ మానేశానని వీధిలో అందరితో చెప్పి, వేరే పేరుతో, వేరే అరేనాలో మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. ఇప్పుడు ఇంకోసారి పేరు బయటపడితే ముసుగు ఒక్కటే కాదు, ఇల్లు కూడా పోతుంది. ఈ వీధిలో వాళ్లకు ఎవరు బిందె అప్పిస్తారు? ఎవరు వరసలో నిలబడనిస్తారు?

"ఇంత పాపిష్టి వేషం నీకే దొరికిందట్రా?" అని అప్పటికి వందోసారి అడిగింది.

"వాళ్ల కోపం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదమ్మా. అసలు ట్యాంకర్‌వాణ్ణి తిట్టలేరు. తిడితే మర్నాడు మన వీధికి రాడు. నన్నైతే కడుపు నిండా తిట్టుకోవచ్చు. తిట్టి ఇంటికెళ్లి హాయిగా పడుకుంటారు."

"మరి నేను పడుకునేదెప్పుడు? తల ఇటు తిప్పు. ఇప్పుడు అటు. ఆగావు, అక్కడ ఆగావు! నొప్పిగా ఉంది కదూ?"

"బాగానే ఉందమ్మా."

మూడు వారాల కిందట సాధనలో పడి వాడి మెడ పట్టేసింది. బాగానే ఉందంటే ఆమె నమ్మలేదు. ఈ ప్రపంచంలో బాగానే ఉందన్న దేన్నీ ఆమె నమ్మదు. గ్యాస్ సిలిండర్ బాగానే ఉందంటే రెండుసార్లు వాసన చూస్తుంది.

సాయంత్రం అయిదింటికి సాన్ తదేయో అరేనాలో రేకుల కప్పు కింద సూది పడే చోటు లేదు. మొదటి వరసంతా బిందెల వరస ఆడవాళ్లదే. ప్రతి ఒక్కరి ఒళ్లో ఖాళీ బకెట్టు, చేతిలో గరిటె. మధ్యలో టొమాసా, మిరపపొడి చల్లిన వేయించిన పంది తోలు నములుతూ, సైన్యాధిపతిలా కూర్చుంది. బాప్తిస్మం రోజున ఇసాయాస్‌ను ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆమె. వాడికి జలుబు చేస్తే ఇప్పటికీ కషాయం కాచి పంపుతుంది.

"ఇవాళ వాడి పని పడతాం వదినా! వాడితో తలపడే ఆ హిల్గేరో బాబు వాణ్ణి చితక్కొడతాడు. కొట్టకపోతే నేనే కొడతాను."

"మెడ మీద కాకుండా చూసుకో" అనేసింది రెఫూహియో. అని నాలుక కరుచుకుంది.

"ఏంటీ?"

"అదే... నీ మెడ. గట్టిగా అరిస్తే పట్టేస్తుంది."

దీపాలు ఆరి వెలిగాయి. కరువు దొర వచ్చాడు. అరేనా ఒక్కసారిగా లేచింది. నలభై బకెట్లు ఒక్కసారి మోగాయి, రేకులు అదిరాయి. వాడు మాత్రం నింపాదిగా నడిచాడు. సరిగ్గా మొదటి వరస ముందు ఆగాడు. సీసా మూత తీసి, ఎడమ బూటు మీద ఒక ధార, కుడి బూటు మీద ఒక ధార పోసి, మిగిలింది నేల మీద ఒలకబోశాడు. మైకు అందుకుని, ఎవరూ పోల్చుకోకుండా గొంతు బొంగురు చేశాడు.

"ఏంటమ్మా ఈ వాసన? స్నానాలు చేసి ఎన్నాళ్లయింది?"

"నువ్వొచ్చి వీపు రుద్దుతావేంట్రా!" అంది టొమాసా. అరేనా గొల్లుమంది.

"ఏడవండి, ఏడవండి! ఆ కన్నీళ్లు కూడా పట్టుకుని మీకే అమ్ముతాను!"

"నీ గొంతెండిపోను!"

"నీ ట్యాంకరుకి తుప్పు పట్ట!"

"ఇలాంటివాణ్ణి కన్న తల్లి ఏం తిని కన్నదో!" అని టొమాసా గరిటె ఝళిపించింది. ఇక్కడ బరిలో చెడ్డవాడిని తిట్టడమంటే వాడి తల్లిని తిట్టడమే. వెనక నుంచి మూడు వందల గొంతులు ఆ తల్లిని అందుకున్నాయి. నిజానికి ఆ తొమ్మిది నెలలూ రెఫూహియో చిక్కుళ్లూ, నాగజెముడు మట్టల కూరా తప్ప ఏమీ తినలేదు.

"నువ్వూ అను వదినా! నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"అవును... ఏం తిని కన్నదో" అంది ఆమె.

"అలాగేనా తిట్టేది? పాపం పిలిచి అన్నం పెట్టేలా ఉన్నావు!"

గంట మోగింది. మూడు పట్టుల్లో రెండు గెలిచినవాడిదే కుస్తీ. హిల్గేరో అంటే పాటల పిట్ట; పేరుకు తగ్గట్టే పసుపుపచ్చ ముసుగులో పిట్టలా ఎగిరాడు, గిరగిరా తిరిగాడు. కరువు దొర వాడి కళ్లలో ఏదో కొట్టి, రెఫరీ అటు తిరిగినప్పుడు తొక్కి, మొదటి పట్టు దొంగతనంగా గెలిచాడు. రెండో పట్టు హిల్గేరోది. ఆ దెబ్బలకు బకెట్లు ఇంకా జోరుగా మోగాయి. రెఫూహియోకు తెలియకుండానే ఆమె గరిటె కూడా మోగుతోంది. వాడు బాగున్నాడు. తల తిప్పుతున్నాడు. రెండు పక్కలకూ తిప్పుతున్నాడు! ఎంత అందంగా ఒళ్లు వంచుతున్నాడు, ఎంత చక్కగా జనాన్ని కుతకుతలాడిస్తున్నాడు! ఆ క్షణంలో ఆమెకు భయం కంటే గర్వమే ఎక్కువైంది.

మూడో పట్టులో హిల్గేరో వాణ్ణి తాళ్ల అవతలికి తోసేశాడు. వాడు మొదటి వరస ముందు తూలుతూ లేచాడు. హిల్గేరో మూల స్తంభం ఎక్కి, చేతులు చాచి, గాల్లోకి దూకాడు. కింద నిలబడి పట్టుకోవలసింది చెడ్డవాడి వేషం వేసినవాడే. దూకేవాడి ప్రాణం వాడి చేతుల్లో ఉంటుంది. ఇసాయాస్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు వాడే ఒలకబోసిన నీళ్ల మీద పడింది.

కాలు జారింది. అయినా చేతులు వదల్లేదు. హిల్గేరోను గుండెకు అదుముకుని, వాడి బరువంతా తన మీద వేసుకుని, వెనక్కి పడ్డాడు. తల వెనక భాగం ఇనుప కుర్చీకి తగిలిన చప్పుడు రెఫూహియో ఒక్కతే విన్నట్టుంది. హిల్గేరో లేచాడు. కరువు దొర లేవలేదు.

రెఫరీ మోకాళ్ల మీద కూర్చుని, ఎవరికీ కనబడకుండా వాడి చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఈ పనిలో అది ప్రశ్న. తిరిగి నొక్కితే బాగున్నానని అర్థం. రెఫరీ ఇంకోసారి నొక్కాడు. అతని ముఖం మారింది.

జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. "నటిస్తున్నాడు! దొంగ నటన!" అంటూ టొమాసా బకెట్టు వాయిస్తోంది. రెఫూహియో కళ్ల ముందు చక్రాల కుర్చీ వచ్చింది, ఆసుపత్రి వరండా వచ్చింది, కొవ్వొత్తులు వచ్చాయి. నాలుక చివరికి పేరు వచ్చింది. 'ఇ' అనే అక్షరానికి పెదాలు సాగాయి కూడా.

పళ్ల మధ్య నాలుకను పట్టుకుంది. కొరికింది. లేచింది.

"ఎక్కడికి వదినా?"

"వీడి అంతు చూస్తాను!" అంది రెఫూహియో. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. "లేవరా నీళ్ల దొంగా! పదకొండు రోజులుగా నా ఇంట్లో గిన్నె కడగలేదు! లేస్తావా లేదా!"

అడ్డుగొలుసు దాటింది. రెఫరీ ఆపబోతే మోచేత్తో నెట్టింది. కొడుకు పక్కన కూలబడి, బకెట్టుతో వాడి పొట్ట మీద దభీమని ఒక్కటి వేసింది. అరేనా పిచ్చెత్తిపోయింది. "కొట్టవ్వా! కొట్టు!" అని పై వరసల వాళ్లు కూడా లేచారు. ఆమె కుడిచెయ్యి కొడుతోంది, ఎడమచెయ్యి వాడి చేతిని వెతుక్కుంది. దొరికింది. నొక్కింది.

"చచ్చావా? బతికున్నావా? చెప్పరా పాపిష్టోడా!"

ఏమీ లేదు. ఇంకో దెబ్బ వేసింది. ఇంకోసారి నొక్కింది, గోళ్లు దిగేలా. ఆమె ఒంట్లోని నెత్తురంతా ఆ అయిదు వేళ్ల దగ్గరికి పోయి నిలబడింది.

వాడి వేళ్లు మూసుకున్నాయి. మెల్లగా, గట్టిగా, రెండుసార్లు. ముసుగు లోపల నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"కళ్లు తిరిగాయి, అంతే... గట్టిగా కొట్టమ్మా. జనం చూస్తున్నారు."

ఆ తర్వాత ఆమె కొట్టిన దెబ్బలు అరేనాలో అంతకు ముందు ఎవరూ కొట్టి ఉండరు. ఏడుస్తూ కొట్టింది, నవ్వుతూ కొట్టింది. బకెట్టు పిడి ఊడింది. కరువు దొర మోకాళ్ల మీద లేచి రెండు చేతులూ జోడించాడు. "వదిలెయ్ తల్లీ, వదిలెయ్!" అంటూ పాకాడు. ఆమె వెంటపడింది. వాడు బరి చుట్టూ పాకి, తాళ్ల కింద నుంచి లోపలికి దూరాడు. అక్కడ కాచుకున్న హిల్గేరో వాణ్ణి మెత్తగా, ఎంతో మెత్తగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి భుజాలు నేలకు అదిమాడు. రెఫరీ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు!

నలభై బకెట్లూ, మూడు వందల గొంతులూ ఒక్కటైపోయాయి. జనం మెచ్చి బరిలోకి చిల్లర విసిరారు, టోపీలు విసిరారు. టొమాసా వచ్చి రెఫూహియోను నడుం పట్టి పైకెత్తింది.

"నీలో ఇంత ఉందని ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేంటి వదినా!"

కరువు దొర తాళ్లు పట్టుకుని లేచి, ఓడిపోయిన చెడ్డవాడు చేయవలసినట్టే వేలు చూపించి మైకులో అరిచాడు. "ఏయ్ ముసలిదానా! వచ్చే ఆదివారం నీ సంగతి తేలుస్తాను!"

"మా వదిన మీద చెయ్యి వేసి చూడు!" అని టొమాసా రెఫూహియోకు అడ్డంగా నిలబడింది. ఆమె వెనకాల బిందెల వరస మొత్తం గోడలా నిలబడింది.

రెఫూహియో వాళ్ల భుజాల సందుల్లోంచి తల బయటికి పెట్టింది. వాడు నిలబడటంలో ఎడమకాలి మీద కొంచెం ఊగుతున్నట్టు ఆమెకు కనబడింది.

"ముందు వెళ్లి ఆ డాక్టరుకి చూపించుకోరా!" అని గొంతు చించుకుంది. "నా చేతి దెబ్బకి నీ మెడ ఉందో ఊడిందో చూపించుకుని రా! తర్వాత చూద్దాం నీ సంగతి!"

జనానికి ఆ మాట తెగ నచ్చింది. "డాక్టర్! డాక్టర్!" అని ఒక మూల మొదలుపెట్టారు. బకెట్లు అందుకున్నాయి. క్షణంలో అరేనా అంతా అదే మాట. కరువు దొర చేతులు ఊపాడు, తల అడ్డంగా ఆడించాడు, పోనన్నాడు. అరుపులు ఇంకా పెరిగాయి. చివరికి వాడు భుజాలు వేలాడేసుకుని, మూలన తెల్ల బల్ల దగ్గరున్న డాక్టరు ముందు కూర్చోక తప్పలేదు. గెలిచినట్టు జనం ఊగిపోయారు.

రెఫూహియో కుర్చీ ఎక్కింది. తలల మీదుగా, టోపీల మీదుగా, చిన్న దీపం డాక్టరు చేతిలో మెరవడం చూసింది. డాక్టరు వాడి మెడ వెనక వేళ్లతో తడిమాడు. ఏదో అడిగాడు. వాడు కుడిచెయ్యి ముందుకు చాచి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరిచాడు. ఆమె పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

డాక్టరు దీపం ఆర్పి లేవబోయాడు.

"ఎడమచెయ్యి!" అని అరిచింది రెఫూహియో. "డాక్టరూ, ఎడమచెయ్యి కూడా చూడు!"

"అబ్బ, ఎంత కసి వదినా నీకు!" అని టొమాసా పగలబడి నవ్వుతూ, ఆమె పడిపోకుండా రెండు కాళ్లూ పట్టుకుంది.