ఓతోసే పేరు చెక్కిన పలక

నేను ఒక చెర్రీ చెక్క పలకను. చెర్రీ పూలు చూడటానికి జనం ఊళ్లు దాటి వస్తారు. దాని చెక్కను మాత్రం అచ్చుపని వాళ్లే పట్టించుకుంటారు. ఎడో నగరంలో గెన్‌పాచి అనే పనివాడు నా మీద ఒక వారకాంత బొమ్మ చెక్కాడు. నాకు సిరా పూసి, కాగితం పరిచి రుద్దితే ఆమె కాగితం మీదికి వచ్చేది.

ఆమెను వారకాంతలుండే యోషివారా పేటలో కసుమినో అనేవారు. చుట్టూ కందకం, ఒకటే వాకిలి. అక్కడి ఆడవాళ్లు బయటికి రావడానికి లేదు. ఆమె అసలు పేరు ఓతోసే. ఉత్తరాన మంచు కురిసే పల్లెలో చెల్లెలు ఓనుయిని వదిలి తొమ్మిదో ఏట వచ్చింది. ఎడో చూడవచ్చిన బాటసారులు ఇంటికి పోతూ ఇలాంటి బొమ్మలు కొనుక్కుపోతారని ఆమెకు తెలుసు. అందుకే చిత్రకారుడు షింసై తనను గీయడానికి వచ్చినప్పుడు ఒక్కటే కోరింది: బొమ్మ మూలన తన అసలు పేరు, ఊరి పేరు రాయమని. ఏదో ఒక కాగితం చెల్లెలి దాకా చేరకపోతుందా అని ఆశ. షింసై మాట ఇచ్చాడు.

ఆ రెండు పేర్లనూ గెన్‌పాచి తిరగేసి, వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కాడు. తొలి అచ్చులు రెండు తీశారు. ఒకటి షింసై తీసుకెళ్లి ఆమెకు చూపించాడు. ఆమె దాన్ని నుదుటికి ఆనించుకుందనీ, చూసి తన కళ్లు చెమర్చాయనీ తిరిగొచ్చి చెప్పాడు. నేను నమ్మాను. ఆ చెమ్మ నిజమే అయివుంటుంది. సిరాకంటే కన్నీళ్లు త్వరగా ఆరుతాయని అప్పటికి నాకు తెలియదు.

మర్నాడు బొమ్మలు అచ్చువేయించే వర్తకుడు ఇహేయ్ వచ్చాడు. ఆ మూలన కిమోనో దుకాణం పేరు కావాలన్నాడు. పువ్వు కొనేవాడికి దాని ఊరితో పనేమిటన్నాడు. షింసై కాస్త గొణిగాడు. తరవాతి బొమ్మలు కూడా నీకే అని ఇహేయ్ అనగానే ఆ గొణుగుడు ఆగిపోయింది.

"తీసెయ్ గెన్‌పాచీ. ఆవిడకెలా తెలుస్తుందిలే," అన్నాడు షింసై.

ఉలి దిగింది. ఆ గుంటలో కొత్త చెక్కముక్క బిగించి దుకాణం పేరు చెక్కారు. వందల కాగితాలు నా మీంచి వెళ్లాయి. ప్రతిదాని మీదా నాచేత అబద్ధమే చెప్పించారు.

ఏడాది తిరిగాక ఆ పేటనుంచి ఓతకీ అనే ముసలి దాసి వచ్చింది. ఎవరో అతిథి తెచ్చిన బొమ్మ కసుమినో కంటపడిందట. షింసై అక్కడే ఉన్నాడు.

"మా అమ్మాయిగారు ఒక్కమాట అడిగి రమ్మన్నారయ్యా. ఆ పేర్లున్న కాగితం తనకు చూపించడానికేనా వేసింది, అని."

షింసై కుంచె కడుగుతూ కూర్చున్నాడు. అది అప్పటికే కడిగిన కుంచె.

ఆమె వెళ్లాక గెన్‌పాచి మిగిలిన తొలి అచ్చును పెట్టె అడుగునుంచి తీసి, ఉత్తరాదికి పోయే మందులమ్మే మనిషికి, ఆ పల్లెకు చేర్చమని ఇచ్చాడు. మంచివాడే అనుకున్నాను. ఆర్నెల్లకు మరో కొత్తమ్మాయి పేరు ఊరంతా మోగింది. ఇహేయ్ ముఖం మార్చమన్నాడు. పట్టుబట్టలు అలాగే ఉంచి, ఓతోసే ముఖాన్ని తొలిచి వేరే ముఖం బిగించింది ఆ గెన్‌పాచి చేతులే.

మూడో వసంతంలో గడ్డిచెప్పులతో ఒక పల్లెటూరి మనిషి వచ్చింది. ఓనుయి. చేతిలో మడతలు నలిగిన కాగితం. ఊరి పూజారి చదివిపెట్టాడట. ముందు యోషివారాకే వెళ్లింది. అక్కను పోయిన చలికాలం దగ్గు తీసుకుపోయిందని చెప్పి, ఓతకీయే ఆమెకు ఇక్కడికి దారి చూపింది.

"మా అక్క బొమ్మ చెక్కిన చెక్క మీ దగ్గరుందంట గదా. ఒక్కసారి తాకి పోతానయ్యా," అంది.

గెన్‌పాచి నన్ను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె బట్టల మడతల మీంచి వేలు నెమ్మదిగా పైకి నడిపింది. మెడ దగ్గర, అతుకు మీద, వేలు ఆగింది. చేతిలోని కాగితంతో పోల్చి చూసింది.

"ఇది మా అక్క కాదు," అంది.

మార్చింది తానేనని గెన్‌పాచి ఒప్పుకున్నాడు. ఆమె నన్ను చాప మీద పెట్టి, కాగితం మడిచి రొమ్మున దోపుకొని, వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ పూట గెన్‌పాచి ఉలి ముట్టలేదు. మర్నాడు ముట్టాడు. నాకు మళ్లీ సిరా పూశారు.