ఒత్తులమ్మ కునుకు

ప్రూఫు మూడో పేజీ మీద ఎర్రసిరా కలం ఆగిపోయింది. ఒత్తులమ్మ రెప్ప వాల్చబోయి, ఉలిక్కిపడి, తన బుగ్గ తనే గిల్లుకుంది.

ఆ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఆవగింజంత ఒత్తు జారినా ఆమె కంట పడాల్సిందే. వంగిన మెడ, ముక్కు మీద కళ్లజోడు నొక్కులు, చూపుడువేలికి ఎప్పుడూ ఎర్రసిరా. ఇరవై ఆరేళ్లుగా మధ్యాహ్న భోజనం కాగానే బల్ల మీద తల వాల్చి కాసేపు కునుకు తీసేది. లేచి మొహం కడుక్కుందంటే, సాయంత్రందాకా ఏ తప్పూ తప్పించుకునేది కాదు.

పదిరోజుల క్రితం యజమాని కూతురు కొత్తగా పనిలోకి వచ్చింది. నిద్రపోతున్న ఒత్తులమ్మను చూసి, "మిషను ఆపేసినా ఈ చప్పుడేంటి నాన్నా?" అంది. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులకే మేలుకున్న ఒత్తులమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ తన గురక వీళ్లంతా వింటున్నారా! ఆ రోజుతో కునుకు మానేసింది. ఇంట్లోనూ చెల్లెలికి వినపడుతుందేమోనని గోడవైపు తిరిగి మేలుకునే ఉండేది. పగలు అక్షరాలు చీమల్లా పాకేవి.

మూడు గంటలకు ఒక పెళ్లికూతురి తండ్రి వచ్చి, అచ్చయిన శుభలేఖల కట్ట విప్పి, పైకే చదివాడు: "మా అమ్మాయి పిల్లికి తప్పక రాగలరు."

ఒత్తులమ్మ లేచి నిలబడింది.

"తప్పు నాదేనండీ. నిద్రాపుకుని చదివాను."

"ఎందుకాపుకోవడం?"

"గురక పెడతానని... సిగ్గేసి."

ఆయన కార్డు వంక, ఆమె వంక చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఆవిడ గురకకి పక్కింటివాళ్లు లేస్తారమ్మా! ఆవిడకే లేని సిగ్గు మీకెందుకు? రేపటికి కొత్తవి ఇవ్వండి. ఇదొకటి మాత్రం అల్లుడికి దాచిపెడతా."

యజమాని కూతురి మొహం ఎర్రబడింది. గబగబా వెళ్లి మిషను ఆపేసింది.

"నా నోటి తీటకి ఎంత పనైంది! ముందు మీరు పడుకోండమ్మా. లేచి చూశాకే అచ్చు."

ఒత్తులమ్మ మొహమాటపడింది, ఆవలించింది, తల వాల్చింది. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. మిషనువాడు సిరా డబ్బా మూత చప్పుడు కాకుండా మూశాడు.

ఆ తర్వాత నాలుగేళ్లూ భోజనాలయ్యాక కాసేపు ఆ గది ఆమె కునుకుదే. చూపు మందగించాక, ఒక శనివారం కళ్లజోడు సంచిలో వేసుకుని, "ఇక చెల్లెలి చేత చదివించుకుంటా" అని నవ్వి వెళ్లిపోయింది. ఆమె తల ఆనించే చోట, బల్ల చెక్క మీద అరచేయంత నూనె మరక నున్నగా మెరుస్తూ ఉంది.