పెత్తరమాసకు చెప్పిన పేరు

మా ఆయన పేరు తిరుపతి. రష్యాలో గోదాములో డ్రైవరు ఉద్యోగమని వెళ్లాడు. ఏజెంటు చెప్పిన మాట అది. నెల తిరక్కుండానే చేతికి తుపాకీ ఇచ్చి యుద్ధానికి పంపారు. చివరి ఫోన్ వచ్చి రెండేళ్లు దాటింది. ఆ తర్వాత ఒక కాగితం వచ్చింది. ఆచూకీ తెలియడం లేదని తప్ప అందులో ఇంకేమీ లేదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తాను. ఎల్బీనగర్ నుంచి మా గల్లీవాళ్లెవరైనా వస్తే ముందు నా నుదురు చూసి, తర్వాత చీరలు చూస్తారు. బొట్టు ఉంటే ఒక రకం జాలి, తీస్తే ఇంకో రకం. ఒళ్లు మండిపోతుంది. అందుకే రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుంటాను.

ఈసారి పెత్తరమాస దగ్గరపడగానే ఇంట్లో గొడవ మొదలైంది. ఆ అమావాస్య రోజు గుడిలో అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి, పోయినవాళ్ల పేర్లు చెప్పడం మా ఇళ్లలో ఆనవాయితీ. ఆ తిండి వాళ్లకు చేరుతుందని నమ్మకం. మా మామ అంతయ్య, తన కొడుకు పేరు కూడా చెబుదామన్నాడు.

"ఉంటే ఆడ్నే ఏదో తింటుంటడు. లేకుంటే రెండేండ్ల సంది ఉపాసమున్నట్టే గద."

అత్త అండాలమ్మ ఒప్పుకోలేదు. బతికున్నవాడి పేరు ఆ వరుసలో చెబితే వాడి ఆయుష్షు మనమే తీసినట్టని, ఆ పేరు నోట్లోంచి వస్తే మళ్లీ మామ మొహం చూడనని తేల్చేసింది. నన్నడిగితే షాపుకు టైమైందని బయటపడ్డాను. నాకు ఏదో ఒకటి తెలిస్తే చాలు, చావు కబురైనా సరే. ఆ మాట పైకి అంటే నన్ను రాక్షసి అంటారు.

అమావాస్య పొద్దున ముగ్గురం కొత్తపేటలో గుడికి వెళ్లాం. లైను రోడ్డు మీది దాకా ఉంది. అత్త మామను అంటుకునే నిలబడింది, కాపలాకి. అయ్యగారికి తొందర, పేర్లు చెప్పమన్నారు. మామ తన తాత పేరు, తండ్రి మట్టయ్య పేరు, తల్లి పేరు చెప్పాడు. ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. అత్త మామ చొక్కా పట్టుకుంది.

"అంతయ్య," అన్నాడు మామ.

అయ్యగారు నీళ్లు వదిలించి తర్వాతివాళ్లను పిలిచారు. ఎదురుగా ఉన్న మనిషి తన పేరే చెప్పుకున్నాడని ఆయనకేం తెలుసు.

బయటికి వచ్చాక మెట్ల మీదే అత్త నిలదీసింది, ఇదేం పిచ్చి పని అని. మామ చెప్పులు వెతుక్కుంటూ తలెత్తకుండా చెప్పాడు.

"వాడు ఉంటే ఆ కీడేదో నాకే తగుల్తది. లేకుంటే నా ఇస్తారి కాడ కూసొని తింటడు. నా కొడుకేనాయె."

అత్త ఊగిపోయింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు.

"నీకేమన్న అయితే వచ్చే ఏడు నా కొడుక్కు బియ్యం ఎవలిస్తరు?"

అనేశాక ఆ మాట ఆమెకే వినపడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. మామ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. రెండేళ్లుగా ఎవరికి వాళ్లం దాక్కుని ఏడ్చినవాళ్లం, ఆ రోజు గుడి మెట్ల మీద ముగ్గురం కలిసి ఏడ్చాం.