మెట్ల మీద ఈల

అత్త ఈల ఊదకుండా మెట్లెక్కింది. అదీ ఆమె చేసిన నేరం.

రెండు చేతుల్లో రెండు బకెట్లు. మెడలో వేలాడే ఈలని నోటిదాకా తేవాలంటే ఇంకో చెయ్యి కావాలి. మలుపులో మేనేజరు ఎదురయ్యాడు. అతని చొక్కా అంచు ఆమె భుజానికి తగిలింది. నిప్పు తొక్కినట్టు ఎగిరి, అక్కడికక్కడే చొక్కా విప్పి పారేశాడు. బనీనుతో నిలబడి, అత్త చేత కింది మెట్టు నుంచి పై మెట్టుదాకా కడిగించాడు. కడగడం అయ్యాక, "రేపట్నుంచి రావద్దు" అన్నాడు. పని పూర్తి చేయించుకుని మరీ తీసేశాడు. ఎంత పొదుపరో!

ఆ ఆఫీసు భవనంలో మరుగుదొడ్లు కడిగే మా అందరిదీ ఒకే పేట, ఒకే కులం. మాకు మాత్రమే ఈలలు. మలుపు మలుపుకీ ఊదాలి. ఎదురొచ్చేవాళ్ళు వినగానే గోడవైపు తప్పుకుంటారు. "తడి నేల కదా, జారిపడతారు. భద్రత కోసం" అంటాడు మేనేజరు. వరండాలు తుడిచేవాళ్ళ మెడలో ఈల లేదు. అద్దాలు కడిగేవాళ్ళ మెడలోనూ లేదు. వాళ్ళది వేరే కులం. వాళ్ళ నీళ్ళు పొడిగా ఉంటాయి కాబోలు.

అత్త ఇంటి ముందు పేటంతా కూడింది. కుల వివక్ష కేసులు వాదించే లాయర్లు ఇద్దరు వస్తున్నారని కబురు. మేం హడావిడి పడ్డాం. రెండు కుర్చీలు అడిగి తెచ్చాం. అంగట్లో నీళ్ళ సీసాలు కొన్నాం. కాగితం చీటీ కూడా ఊడని కొత్త గ్లాసులు పెట్టాం. మేం నేలమీద చాపేసుకుని కూర్చున్నాం.

లాయర్లు బస్సు దిగి నడిచి వచ్చారు. ఒకాయన నెరిసిన జుట్టు పెద్దలాయరు. రెండో మనిషి లాయరమ్మ, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని వచ్చింది.

"ఈ సీసాలెవరికి?" అంది.

"మీకేనమ్మా."

"మరి మీకో?"

"మాకు బిందె ఉందిగా."

లాయరమ్మ తిన్నగా లోపలికెళ్ళి, అత్త తాగే గ్లాసు బిందెలో ముంచుకుని గటగటా తాగింది.

"మేనేజరు మీకు ఈలలే ఇచ్చాడనుకున్నా. మీ ఇళ్ళలోకి కూడా వచ్చి కూర్చున్నాడే!"

మా తలలు వంగిపోయాయి. ఆమె చాప మీదకొచ్చి మా మధ్య కూలబడింది.

అప్పుడు లేచాడు ఆ భవనం లిఫ్టు మెకానిక్కు. యూనియన్ నాయకుడు, మా కులం కాదు. గొంతు చూసి అందరూ మైకు అంటారు. "ముందు వర్గం, తమ్ముళ్ళూ! కులం గొడవ ఎత్తితే మిగతా కార్మికులు చీలిపోతారు. జీతాల సమ్మె అయ్యాక చూద్దాం."

"ఒరేయ్ మైకూ," అంది అత్త, తన ఈల తీసి చాపుతూ. "నువ్వూ నేనూ ఒకే వర్గం కదా? ఇది ఒకసారి ఊది చూపించు."

మైకు ఈలని చూశాడు. మీసం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. చెయ్యి మాత్రం కదల్లేదు.

లాయరమ్మ ఆ ఈల అందుకుని నోట్లో పెట్టుకుని ఊదింది. పేట చివర కుక్కలు లేచి మొరిగాయి.

"చూశారా?" అన్నాడు పెద్దలాయరు. "కోర్టు సాక్ష్యం అడుగుతుంది. అసహ్యానికి గాయం కనబడదు, అందుకే వీళ్ళు తప్పించుకుంటారు. దాన్ని నలుగురి ముందూ బయటికి రప్పించాలి. నువ్వు నిలబడతావా, అమ్మా? ఉద్యోగం తిరిగి రాకపోవచ్చు. పోలీసులూ రావచ్చు."

"బకెట్లు మోసిన దాన్ని," అంది అత్త. "ఇది మొయ్యలేనా?"

లాయర్ల ఫిర్యాదు మీద కార్మిక శాఖ అధికారి ఆ భవనానికి తనిఖీకి వచ్చాడు. కింది హాల్లో బల్ల వేశారు. కార్మికులంతా చేరారు. మేనేజరు కొత్త చొక్కాలో మెరిసిపోతున్నాడు.

"కులమా? ఛ! మా దగ్గర అలాంటివి లేవు సార్. ఈల భద్రత కోసం. అందరికీ ఒకటే రూలు."

"అందరికీనా? మీక్కూడా?" అంది లాయరమ్మ.

"నాక్కూడా!"

"అయితే ఊదండి."

అత్త తన ఈల చాపింది. మేనేజరు నవ్వాడు. "ఎంగిలిది ఎలా ఊదుతానమ్మా!"

"నిజమే" అని పెద్దలాయరు మేనేజరు మా కోసం తెప్పించిన ఈలల డబ్బాలోంచే కొత్త ఈల తీశాడు, కవరుతో సహా. అత్తకిచ్చాడు. అత్త కవరు చింపి, ఈల అరచేతిలో పెట్టి చాపింది.

హాలంతా చూస్తోంది. మేనేజరు చెయ్యి లేచి మధ్యలో ఆగింది.

"అక్కడ పెట్టు," అన్నాడు. "బల్ల మీద."

సంవత్సరాలుగా దాచినది రెండు ముక్కల్లో కక్కేశాడు.

"విన్నారా సార్?" అంది లాయరమ్మ. అధికారి పైకప్పు చూశాడు. "పరిశీలిద్దాం" అన్నాడు. పైకప్పుకి చెవులున్నాయని అతని నమ్మకం.

మేనేజరు పోలీసుల్ని పిలిచాడు. అక్రమంగా చొరబడ్డారట, బెదిరించారట. అత్తనీ లాయరమ్మనీ వ్యాన్ ఎక్కిస్తుంటే మైకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. అత్త మెడలోంచి ఈల తీసుకున్నాడు. ఈసారి మీసం తుడుచుకోలేదు. గుండె నిండా గాలి పీల్చి ఊదాడు.

"ఇదే ఆఖరిది!" అని అరిచాడు. "ఇక ఈ భవనంలో ఈల మోగితే పని ఆగుతుంది!"

"మైకూ," అంది అత్త వ్యాన్‌లోంచి. "ఇప్పుడు పని చేస్తోందిరా నీ గొంతు!"

వ్యాన్ కదిలింది. పెద్దలాయరు బెయిలు కోసం పరుగెత్తాడు. మేం ఒక్కొక్కరం మెడలో ఈల తాడు తెంపి ఆ బల్ల మీద పడేశాం. అద్దాలు కడిగేవాళ్ళు వచ్చి మా పక్కన చేరారు. వరండావాళ్ళు కొందరు వచ్చారు, కొందరు ముఖం తిప్పుకున్నారు. సరే, వాళ్ళ సంగతి తర్వాత.

"అత్త వచ్చేదాకా బకెట్ ముట్టం" అని, పై గదిలోకి వెళ్ళిపోయిన మేనేజరుకి చెప్పడానికి మెట్లెక్కాం. గోడవారగా కాదు, నడిమధ్యలో. ఎవరూ ఊదలేదు. వందల అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఎంతమంది వస్తున్నారో, ఎంత దగ్గరికి వచ్చారో చెప్పే ఈల లేక, మేనేజరు లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడు.