గోడ మీద పెన్సిలు గీతలు

తడిమరక పుట్టింది కింది గది గోడ మీద; నింద మాత్రం పైగదిలో ఉండే చిన్నదాని నెత్తిన పడింది.

కింది వాటా అక్కాబావలది. పైనున్న ఒక్క గదీ, దాన్ని ఆనుకున్న స్నానాలగదీ చిన్నదానివి. బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు వేయడం ఆమె పని. పొద్దస్తమానం నిలబడి, జుట్టు నిండా పంచదార పొడితో ఇల్లు చేరాక, షవరు కింద నిలిచే ఆ కాసేపే ఆమెకు రోజంతటిలో తనదనిపించేది. ఇప్పుడు బావ కన్ను ఆ కాసేపటి మీదే పడింది.

"ఏనుగు స్నానం చేస్తే గోడ నానదా మరి?" అన్నాడు మొదట నవ్వుతూనే. తర్వాత నవ్వు పోయి పెన్సిలు వచ్చింది. మరక అంచు వెంబడి గీత గీశాడు. ఉదయానికి మరక కాస్త దిగేది. ఆ అంచున మరో గీత పడేది. ఇంటికి వచ్చినవాళ్ళందరినీ గోడ దగ్గరికి నడిపించి, "ఇదుగో, మా మరదలి జలకాలాటలు!" అని చూపించేవాడు. చివరికి పేపరు వేసే అతను కూడా మెట్ల మీద ఆమెను చూసి ముసిముసిగా నవ్వాడు.

అంతటితో ఆగలేదు. ఇకమీదట పై షవరు తిప్పకూడదనీ, కిందికి వచ్చి బకెట్టుతో స్నానం చేయాలనీ బావ తీర్పు చెప్పాడు. తువ్వాలు భుజాన వేసుకుని, అక్క వాకిట్లో తన వంతు కోసం పడిగాపులు పడటాన్ని చిన్నది పళ్ళబిగువున భరించింది. షవరు ముట్టనంది, ముట్టలేదు.

అయినా కొత్త గీత పడింది.

"దొంగచాటుగా స్నానం చేస్తున్నావు కదూ?" అన్నాడు బావ.

"ముట్టుకుంటే ఒట్టు బావా!"

"అయితే గోడ అబద్ధమాడుతోందా?"

చిన్నది అక్క వైపు చూసింది. అక్క మడతపెడుతున్న బట్టల మీంచి తలెత్తకుండానే, "ఒప్పేసుకుంటే పోయేదానికి ఎందుకే ఇంత రాద్ధాంతం?" అంది.

చిన్నదానికి ఒళ్ళు భగ్గుమంది. నీళ్ళ దొంగట! తోడబుట్టిన అక్కదీ అదే మాట! దబదబా మెట్లెక్కి, స్నానాలగది తలుపు తోసి నిలబడింది. నేల పొడి. కుళాయి పొడి. ఎదురుగా గోడకు స్టీలు అర. ఆమె ఈ గదిలో చేరిన కొత్తలో బావ ముచ్చటపడి కొనుక్కొచ్చి, తన చేతులతోనే టైళ్ళకు బెజ్జాలు పెట్టి బిగించిన అర అది. "చుట్టూ సీలెంటు ట్యూబు మొత్తం పట్టించాను. ఇక నీటిచుక్క దూరితే నన్నడుగు!" అని ఆనాడు మీసం మెలేశాడు.

ఏడుపు ఉగ్గబట్టుకోవడానికి ఆ అరను పట్టుకుంది. అర కదిలింది. దాని వెనక నుంచి ఒక నీటిబొట్టు జారి, మణికట్టు మీద చల్లగా పడింది.

ఇన్నాళ్ళుగా నీరు తగలని గోడకు ఈ నీరెక్కడిది?

స్క్రూడ్రైవరు తెచ్చి అరను విప్పింది. మరలు తుప్పుపట్టి ఉన్నాయి. బెజ్జాలు ఖాళీగా, తడితడిగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. టైళ్ళ వెనక నీరు ఇంకకుండా వేసిన పూతను అవి చీల్చుకుని పోయాయి. వాటిలో సీలెంటు నలుసంతైనా లేదు. అర చుట్టూ ఉన్న సీలెంటుకు పైఅంచున వెంట్రుకంత పగులు; అందులోంచి దూరిన నీరు, కింద బయటపడే సందు లేక అర వెనకే నిలిచి, షవరు కట్టేశాక కూడా బెజ్జాలగుండా గోడలోకి దిగుతూనే ఉంది.

"అక్కా! బావగారిని వెంటబెట్టుకుని పైకి రా!"

ఇద్దరూ వచ్చారు. బావ బెజ్జాల వంక చూశాడు. "నాలుగు వైపులా పెట్టానే..." అని గొణిగాడు.

"చుట్టూ పెట్టారు బావగారూ. లోపల?"

'నువ్వు' కాస్తా 'మీరు' అయ్యేసరికి ఆయన గతుక్కుమన్నాడు. "సర్లే, ఏదో పొరపాటు. దానికింత గొడవా?"

"నా తప్పన్నప్పుడు పేపరతని దాకా చాటింపు వేశారు. మీదని తేలేసరికి 'సర్లే'నా? ఎవరెవరికి గోడ చూపించారో, వాళ్ళందరికీ ఈ బెజ్జాలు కూడా చూపించండి!"

అక్క ఒక్క అడుగు ముందుకేసింది. మొగుడి జేబులోంచి పెన్సిలు లాగేసుకుంది.

బెజ్జాలు బాగా ఎండేదాకా చిన్నది ఆగింది. ఆ తర్వాత, క్రీము వేసే చేతి వాటంతోనే, ఒక్కో బెజ్జాన్నీ అడుగునుంచి సీలెంటుతో నింపింది. కొత్త మరలకూ పట్టించి బిగించింది. అరకు పైనా పక్కలా సీలెంటు గీత గీసి, కింది అంచు వదిలేసింది.

"అడుగున మర్చిపోయావు," అన్నాడు బావ, పోయిన పరువులో కాస్తైనా దక్కుతుందేమోనని.

"ఒకవేళ నీరు దూరినా బయటికి రావాలిగా."

సీలెంటు గట్టిపడ్డాక, చిన్నది షవరు తిప్పింది. కింద అక్క మరక అంచున కొత్త గీత గీసి, బావను కుర్చీ వేసి గోడకెదురుగా కూర్చోబెట్టింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. పంచదార పొడి కరిగి, మెడ మీదుగా జారిపోతోంది.

చాలాసేపటికి మెట్ల మీంచి అక్క గొంతు వినిపించింది. "గీత దాటలేదే! ఇక కట్టెయ్యి!"

"బావ చెప్పాడా?"

కింద ఏదో గుసగుస. కుర్చీ కిర్రుమంది.

"దాటలేదు!" అని అరిచాడు బావ.

"వినబడలా! పక్కింటికి వినబడేలా చెప్పు బావా!" అంది చిన్నది, కుళాయి ఇంకాస్త తిప్పుతూ.